మా యింట జర్మను పాఠము

ఆడపిల్ల ఊరు దాటి పోవునప్పుడు పెట్టెలో ఏమేమి సర్దవలెనో మన యిండ్లలో ఎవరును ఎవరికిని చెప్పనక్కరలేదు. ఆవకాయ, కందిపొడి, పసుపు కుంకుమలు, నాలుగు మంచి చీరలు, చలిదేశమైనచో ఒక ఉన్ని శాలువ: ఇవి అన్నియు తల్లి చేతులమీదుగా తమంతట తామే పెట్టెలోనికి చేరును. అయితే ఆమెతో కూడ పంపవలసిన దింకొకటి కలదు. అది పెట్టెలో పట్టదు, తూకమునకు రాదు, విమానాశ్రయమున ఎవరును విప్పి చూడరు. అది ఆమె పనిచేయబోవు దేశపు భాష. ఈ సంగతిని మేము మా వంటగదిలోనే తెలిసికొంటిమి గనుక, సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మేము శ్రీకాకుళము పట్టణమున ఒకే యింట కాపురముండు తోడికోడండ్రము. మా ఆడపడుచు కుమార్తె ఉద్దానమున పుట్టి పెరిగినది. నర్సింగు చదివి, పట్టణములోని ఒక ఆసుపత్రిలో పనిచేయుచు మాయొద్దనే యుండును. జర్మనీదేశమున నర్సుపని చేయవలెనని ఆమె సంకల్పించుకొని, విశాఖపట్టణములోని ఒక బడివారు సెల్‌ఫోనుద్వారా చెప్పు పాఠములలో చేరినది. మా యింట సిగ్నలు చక్కగా నందు చోటు వంటగది యొక్కటే. అందుచేత ఆమె బియ్యపుడబ్బాపై పుస్తకము తెరచుకొని పాఠము చెప్పించుకొనుచుండగా, మేము కూరలు తరుగుచు వినుచుంటిమి. నెల తిరుగునప్పటికి మా నోళ్లును కదలసాగెను.

జర్మనీయే యేల యని మమ్ములను అడిగినవారు అనేకులు. ఆ దేశమున వృద్ధులు పెరిగి, పనిచేయు వయసువారు తరిగిపోవుచున్నారు. ఆసుపత్రులకును వృద్ధాశ్రమములకును మనుష్యులు కావలసియున్నారు. 2022 డిసెంబరులో మన ప్రభుత్వమును వారి ప్రభుత్వమును వలసల విషయమై ఒక ఒడంబడిక చేసికొనెను. 2024 అక్టోబరులో జర్మను ప్రభుత్వమువారు భారతీయ నిపుణులకు ఏటేట ఇచ్చు వీసాలను 20,000 నుండి 90,000 వరకు పెంచెదమని ప్రకటించిరి. ఇంజనీర్లు, లెక్కలు వ్రాయువారు, నర్సులు మొదలగువారికి దారి తెరచుకొనినది. కాని ఆ వాకిట నిలిచి యున్నది భాష. నర్సుగా పూర్తి గుర్తింపు పొందుటకు సాధారణముగా బి2 అను మెట్టువరకు జర్మను రావలయును. ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఐరోపావారి భాషాభ్యాసమున ఆరు మెట్లు కలవు. మేము చెప్పుచున్నది మొదటిమెట్టు ముచ్చట.

తెలుగువారికి ఈ భాష మరీ కొరకరాని కొయ్య యేమియు కాదు. ఆంగ్లమునకు లేని కొన్ని గుణములు దీనికిని మన తెలుగునకును కలిసినవి. ‘మీరు’, ‘నీవు’ అను భేదమునే చూడుడు. ఆంగ్లమున అందరికిని ‘యూ’ ఒక్కటే. జర్మనులో గౌరవమునకు ‘జీ’, చనువునకు ‘డూ’. మన ఉత్తరాంధ్రమున ఆప్యాయత మిక్కుటమై పెద్దవారినైనను ‘నువ్వు’ అనుట కలదు గదా! అచ్చటి పనిచోట ఆ చనువు మొదటనే పనికిరాదు. పైవారో పెద్దవారో ‘డూ’ అనవచ్చునని తామై చెప్పువరకును, ఇంటిపేరుతో పిలిచి ‘జీ’ అనియే మాటాడవలెను.

వాక్యనిర్మాణమును చూచి మేము మరింత ఆశ్చర్యపడితిమి. ‘ఏలయనగా’ అను అర్థమిచ్చు ‘వైల్’ అను మాట వచ్చినపుడు, వారి క్రియ మన క్రియవలెనే వాక్యము చివరకు పోవును. ‘ఇహ్ హొయ్‌టె ఆర్బైటెన్ ముస్’ అనగా ‘నేను నేడు పనిచేయ వలయును’. ఒక్కొక్క మాటయు మన వరుసలోనే నిలిచినది! ఉపాధ్యాయిని దీనిని ఆంగ్లముద్వారా బోధించుచుండగా మా పిల్ల తికమకపడెను. తెలుగులో తలచుకొన్న క్షణమున చిక్కు విడిపోయినది. వారి ‘జెడ్’ అక్షరము ‘ట్స’ అని పలుకును. ‘చలి’, ‘చాప’ అనునపుడు మన నాలుక పలుకు దంత్యచకారమునకు అది చుట్టమే. వైద్యుడు, వైద్యురాలు అని మనము చెప్పినట్లు వారును వృత్తులపేర్లకు చివర ‘ఇన్’ చేర్చి స్త్రీలను వేరుగా గౌరవింతురు. ‘లేరర్’ ఉపాధ్యాయుడు, ‘లేరరిన్’ ఉపాధ్యాయిని.

మన సమాసములవలె వారును మాటలను గుదిగ్రుచ్చుదురు. ‘క్రాంక్’ అనగా జబ్బు, ‘హౌస్’ అనగా ఇల్లు. రెండును కలిసిన ‘క్రాంకెన్‌హౌస్’ ఆసుపత్రి. చేతితొడుగును వారు ‘హాంట్‌షూ’, అనగా చేతి జోడు, అందురు. కష్టము లింగములలో నున్నది. ప్రతి నామమునకును ‘డేర్’, ‘డీ’, ‘డాస్’ అను మూడింటిలో నొకటి తగిలించవలెను. చెంచా పుంలింగము, ఫోర్కు స్త్రీలింగము, కత్తి నపుంసకము! బల్ల మగది, తలుపు ఆడది, బాలిక రెండును కాదు. మేము నవ్వుకొంటిమి గాని, పిమ్మట మన వ్యాకరణము జ్ఞప్తికి వచ్చెను. ‘అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది’ అని మన మందరిని ఒకే క్రియతో కట్టుచున్నాము గదా! ఒకరిని చూచి ఒకరు నవ్వుట కవకాశము లేదని తేల్చుకొని, వంటగదిలోని సామానులన్నింటికిని పేరు, లింగము వ్రాసిన చీటీలు అంటించితిమి. ఉప్పుజాడీమీది చీటీ తడిసి మూడుసార్లు మార్చవలసి వచ్చెను. ఆ కారణముననే ఉప్పునకు ‘డాస్ జాల్ట్స్’ అను మాట మా కెవ్వరికిని మరపునకు రాదు.

మన సీమకు జర్మనులు క్రొత్తవారు కారు. బెన్యమిన్ షుల్ట్సె అను జర్మను మతబోధకుడు చెన్నపట్టణమున తెలుగు నేర్చి 1728లోనే ఒక తెలుగు వ్యాకరణము వ్రాసెను. తరువాత స్వదేశమునందలి హల్లె నగరమున తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. 1882లో బ్రెక్లుమ్ అను గ్రామమునుండి బయలుదేరిన మిషనువారు జయపురము, కోరాపుట్టు ప్రాంతములకు వచ్చి, సాలూరు, పార్వతీపురములందును నివాసము లేర్పరచుకొనిరి. జర్మనీలో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన మాక్సుముల్లరు పండితుడు సాయణభాష్యముతో ప్రకటించిన ఋగ్వేదము రెండవ ముద్రణము 1890-92 సంవత్సరములలో నాలుగు సంపుటములుగా వెలువడుటకు ధనసహాయము చేసినది మన విజయనగరము మహారాజులైన ఆనందగజపతిగారు. ఆ పండితుని పేరనే నేడు మన దేశమున జర్మను భాష నేర్పు గోతె సంస్థవారి శాఖలు మాక్సుముల్లరు భవనములని పిలువబడుచున్నవి. తమ పనికొరకు వారు మన భాష నేర్చిరి. మన పనికొరకు మనము వారి భాష నేర్చుటలో చిన్నతన మేమున్నది?

ఇక మన జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారి ఉదాహరణము ఉండనే యున్నది. సవరలకు వ్రాత లేని కాలమున ఆయన వారితో మాటాడి మాటాడి, చెవితో విని వారి భాష నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథము ప్రకటించిరి. భాష ముందు చెవికి, పిమ్మట నోటికి, కడపట కంటికి అందవలెనని మా పిల్లకు మేము చెప్పినది ఆయన జీవితము చూచియే. పాఠములు ధ్వనిముద్రణ చేసి, అంట్లు తోముచు వినుట మా యింట అలవాటైనది.

ఉద్యోగమునకు పనికివచ్చు భాష వేరు, విహారయాత్రికుని భాష వేరు. యాత్రికుడు అంకె తప్పిన నాలుగు రూపాయలు పోవును. నర్సు అంకె తప్పిన ప్రాణము పోవచ్చును. జర్మనులో ముప్పదినాలుగును ‘నాలుగును ముప్పదియు’ అని తలక్రిందులుగా చెప్పుదురు. ‘ఫీర్‌ఉంట్‌ద్రైసిహ్’ 34, ‘ద్రైఉంట్‌ఫీర్‌ట్సిహ్’ 43. వేగముగా వినునపుడు ఈ రెండును ఒకటే యనిపించును. దశాంశమునకు మనము చుక్క పెట్టుచోట వారు కామా పెట్టుదురు. రెండున్నర మిల్లీగ్రాములు వారి కాగితముమీద 2,5 అని యుండును. వారి 1.500 ఒకటిన్నర కాదు, పదునైదువందలు. గడియారముతోను ఇట్టి చిక్కే కలదు. ‘హాల్ప్ ద్రై’ అనగా మాటకు మాటగా ‘సగము మూడు’. మనవారు మూడున్నర యనుకొందురు. వారికి అది మూడింటికి చేరు దారిలో సగము, అనగా రెండున్నర! డ్యూటీకి గంట ఆలస్యముగా పోయినవారి మాట చెల్లని దేశమది. మేము బజారు లెక్కలన్నియు కొన్నాళ్లు జర్మనులోనే చెప్పుకొంటిమి. వంకాయల ధర నలువదిమూడో, ముప్పదినాలుగో తేల్చుకొనుటకు మా యింట జరిగిన తగవులు ఏ పాఠ్యపుస్తకమునకును తీసిపోవు.

ఫారములు నింపుటలో ఆడవారు మిక్కిలి మెలకువతో నుండవలెను. ‘నాహ్‌నామె’ అనగా ఇంటిపేరు, ‘ఫోర్‌నామె’ అనగా మన పేరు. ‘ఫోర్’ అనగా ముందు. మనకు ముందు వచ్చునది ఇంటిపేరు గనుక, తొందరలో అటుది ఇటు పడును. పైగా పెండ్లియైన పిమ్మట పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు, చదువు పట్టాలలో పుట్టినింటి పేరు, నర్సింగు కౌన్సిలు రిజిస్ట్రేషనులో మరియొక వరుస ఉండుట మనలో మామూలు. ఇవన్నియు ఒకే మనిషివని పరదేశపు కచేరీవారికి నచ్చజెప్పుట కష్టము. పాఠము మొదలుపెట్టిన నెలలోనే కాగితములన్నియు పరచుకొని పేర్లు సరిచూచుకొనుట మేలు.

వీటన్నింటికంటె పెద్ద చిక్కు మరియొకటి. అది వ్యాకరణములో లేదు, మన పెంపకములో నున్నది. అర్థము కాకున్నను తల యూపుట మన ఆడపిల్లలకు చిన్ననాటినుండి అలవాటు. అత్తగారు చెప్పినదానికి, పై అధికారి చెప్పినదానికి మారు అడిగిన అవిధేయత యగునేమో యని ‘సరే’ యందురు. జర్మను ఆసుపత్రిలో ‘యా’ అని తల యూపినచో, విషయము బోధపడినదనియు, ఆ పనికి తానే బాధ్యురాలననియు ఒప్పుకొన్నట్లే. కావున మా పిల్లచే మేము అన్నింటికంటె ముందు కంఠస్థము చేయించిన వాక్యములు మూడు. ‘ఇహ్ హాబె డాస్ నిహ్ట్ ఫెర్‌ష్టాండెన్’: నాకు అర్థము కాలేదు. ‘క్యొన్‌టెన్ జీ డాస్ బిట్టె వీడర్‌హోలెన్?’: దయచేసి మరల చెప్పుదురా? ‘లాంగ్‌జామ్, బిట్టె’: నెమ్మదిగా, దయచేసి. మొదటి దినములలో మొదటి వాక్యము చెప్పుటకు ఆమెకు గొంతు పెగలలేదు. భాష రాక కాదు, సిగ్గుచేత. ఆ సిగ్గు పోవుటకు లింగములు నేర్చుటకంటె ఎక్కువకాలము పట్టెను.

ఆ వాక్యముల విలువ త్వరలోనే తెలియవచ్చెను. ఒక దళారి మా యింటికి వచ్చి, ఆరు నెలలలో ఉద్యోగము చేతికి వచ్చుననియు, ఇప్పుడే సంతకము చేసి అసలు పట్టాలు తనకు అప్పగించవలెననియు తొందరపెట్టెను. జర్మనులో నున్న నాలుగుపుటల కాగితము బల్లమీద పెట్టి, “ఇది మామూలు ఫారమేనమ్మా, చదవనక్కరలేదు” అనెను. మా పిల్ల అప్పటికి మొదటిమెట్టు కూడ దాటలేదు. అయినను కాగితము తీసికొని వ్రేలితో ఒక్కొక్క మాట వెదకుచు పోయి, మూడవపుటలో నిలిచినది. అచ్చట ‘ర్యూక్‌ట్సాలుంగ్’ అని యుండెను. హోటలులో భోజనమైన పిదప ‘ట్సాలెన్, బిట్టె’, అనగా ‘డబ్బు చెల్లింతును’, అని చెప్పవలెనని తొలిపాఠములలోనే ఆమె చదివినది. ‘ర్యూక్’ అనగా వెనుకకు. “ఏమి వెనక్కు చెల్లించాలండీ? ఎవరు, ఎవరికి?” అని యడిగినది. అతడు మాట మార్చెను. ఆమె మరల అడిగినది. తుదకు బయటపడినది: మూడేండ్లలోపల ఆ ఉద్యోగము మానినచో ఖర్చులన్నియు ఆమెయే తిరిగి చెల్లింపవలెనట! “అర్థమయ్యేదాకా సంతకం పెట్టనండి” అని కాగితము మడచి అతనిచేతి కిచ్చినది. పట్టాలు మా బీరువాలోనే యున్నవి.

మా జిల్లావారు ఊరు విడుచుట నేటి మాట కాదు. తాతలనాడు ఓడలెక్కి రంగమునకు పోయిరి. 1942లో జపానువారి దాడిచేత ఎందరో బర్మానుండి అడవిదారులబట్టి కాలినడకన వచ్చిరి. తరువాత ఖరగపురము, చెన్నపట్టణము, హైదరాబాదు, గల్ఫుదేశములు. వారిలో అనేకులు మేస్త్రీ నోటిమాటనే నమ్ముకొని పోయినవారు. మేస్త్రీ చెప్పినదే కూలి, మేస్త్రీ చదివినదే కాగితము. పరదేశమున తన కాగితము తాను చదువుకొనగలవానికిని, చదువుకొనలేనివానికిని గల భేదము ఆనాటి కుటుంబములు బాగుగ నెరుగును. బంగారము తాకట్టుపెట్టి దళారికి ఇచ్చుటకంటె, ఆ పిల్లకు భాష నేర్పించుట మేలని మేము వాదించుట ఇందుచేతనే. పూర్వులు స్త్రీకి స్త్రీధనమని కొంత విడిచి పెట్టిరి. దానిపై అన్యులకు అధికారము లేదు. నేర్చిన భాష అట్టిదే. దానిని కుదువపెట్టుటకు రాదు, ఎవరును లాగికొనలేరు.

మా ఆడపడుచు మాత్రము ఒక ప్రశ్న వేసినది. దానికి మాయొద్ద సులభమైన సమాధానము లేదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఏండ్లతరబడి ఇండ్లను పీడించుచున్నది. దాని మూలకారణము నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రము ప్రారంభమైనవి. “మన ఊళ్లో డయాలిసిస్ మంచం దగ్గర నిలబడడానికి మనుషులు కావాలి. నువ్వు వాళ్లెవరికో సేవ చేయడానికి వెళ్తానంటావా?” అని తల్లి యడిగినది. పిల్ల కొంతసేపు ఊరకుండి, “చదువుకు చేసిన అప్పు తీరాలి, తమ్ముడి చదువు కావాలి. పని నేర్చుకుని వస్తానమ్మా. రాలేకపోతే ఆ మాట కూడా నీకు నేనే చెబుతాను” అనెను. తల్లికి తృప్తి కలుగలేదు. మేము ఎవరి పక్షమును వహింపలేదు. వెళ్లుట, ఉండుట ఆమె యిష్టము. ఏది చేసినను తెలిసి చేయవలెనన్నదే మా కోరిక.

ఏ1 పరీక్షలో వినుట, చదువుట, వ్రాయుట, మాటాడుట అని నాలుగు భాగములు. నూటికి 60 మార్కులు రావలయును. వ్రాతలో ఒక ఫారము నింపి, సుమారు 30 మాటలలో చిన్న ఉత్తరము వ్రాయవలెను. మాటాడుటలో తన పేరు, వయసు, దేశము, నివాసము, వచ్చిన భాషలు, వృత్తి చెప్పి, అడిగిన మాటను అక్షరము అక్షరముగా పలికి చూపవలెను. మా పిల్ల తన ఇంటిపేరును జర్మను అక్షరములలో చెప్పుట ప్రతిదినము మాకు అప్పగించెడిది. పోయిన సంవత్సరము ఆ మెట్టు దాటినది. ఇప్పుడు రెండవమెట్టున నున్నది. బి2 ఇంకను దూరము.

ఇట్టి పిల్ల మీ యింటనున్న యెడల, సోదరీమణులారా, మేము అనుభవమున గ్రహించిన నాలుగు మాటలు వినుడు. దినమునకు ఒక గంట ఆమెది కావలెను. ఆ గంటలో కాఫీ పెట్టుమనియు, తమ్మునికి అన్నము వడ్డింపుమనియు పిలువకుడు. పాఠపు రుసుము ఎంతైనను, ఈ గంటయే అరుదైనది. విదేశపు ఉద్యోగము చూపు ఏజెంటు ప్రభుత్వమున నమోదైనవాడో కాదో విచారింపుడు. 1983 నాటి వలసల చట్టమే ఆ నమోదును విధించినది. మన రాష్ట్రమున ఓంక్యాప్ అను ప్రభుత్వసంస్థ కలదు, అచ్చట అడుగవచ్చును. జర్మను ప్రభుత్వసంస్థలు 2013లో ఆరంభించిన ‘ట్రిపుల్ విన్’ అను ఏర్పాటులో నర్సులయొద్ద ఉద్యోగము చూపినందుకు రుసుము గైకొనరు. కేరళమువారి నోర్కా సంస్థ 2021లో దానితో ఒడంబడిక చేసికొనినది. ఇట్టి మార్గము లున్నప్పుడు లక్షలు అడుగువానిని ఏల యని ప్రశ్నింపవలెను. అసలు పట్టాలు ఎవరి చేతికిని ఇయ్యకుడు. జీతము చెప్పినపుడు అది ‘బ్రుట్టో’యా, ‘నెట్టో’యా అని యడుగుడు. మొదటిది కాగితముమీది జీతము, రెండవది పన్నులు, భీమా పోగా చేతికి వచ్చునది. ఆ రెండింటికిని చాల దూరము.

మీరును ఆమెతో కూడ నాలుగు మాటలు నేర్చుకొనుడు. దూరదేశమునుండి ఆమె ఫోనులో మాటాడునపుడు, ఆమె పనిచోటి మాట తెలిసినవారు ఇంట ఒకరైనను ఉండుట ఆమెకు కొండంత బలము. మేము ఇప్పుడు రెండవమెట్టు పాఠములు వినుచున్నాము. గతకాలపు క్రియలు మాకు ఇంకను లొంగలేదు. లింగములు అప్పుడప్పుడు తప్పుచున్నవి. ‘అర్థము కాలేదు, మరల చెప్పుదురా?’ అను వాక్యములు మాత్రము మా ముగ్గురికిని తడబాటు లేక వచ్చును. వీటిని మేము తెలుగులోను వాడుట మొదలుపెట్టితిమి. బ్యాంకులో, ఆసుపత్రిలో, రిజిస్ట్రారు కచేరీలో అవి అన్నిచోట్లను పనిచేయుచున్నవి.